మోకు చాలదా, బెల్టు కొనాలా: చెట్టెక్కే పనిలోకి వస్తున్న తమ్ముడికి

తమ్ముడూ, నువ్వు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. ప్రకాశం జిల్లా సింగరాయకొండ దగ్గర రొయ్యల ప్లాంటులో పని మానేసి చెట్ల పనిలోకి వద్దామనుకుంటున్నావు. మీ నాయన తాటిచెట్లు గీసేవాడు కాబట్టి మోకు, అంటే చెట్టుకీ నడుముకీ కలిపి చుట్టుకునే తాడు మీద ఎక్కడం నీకు చిన్నప్పటి నుంచి వచ్చు. చేతిలో పదిహేను వేలున్నాయి. ఆ డబ్బుతో ఆన్‌లైన్‌లో కనిపించిన మేకుల బూట్లు, బిల్డింగు పనివాళ్ల బెల్టు కొనాలా, లేక నాయన మోకే చాలా అని అడిగావు. కొబ్బరికి మిషన్ తీసుకోవాలా, ఈ పని మీద ఇల్లు గడుస్తుందా అని కూడా అడిగావు.

మేకుల బూట్లు కొనొద్దు. ఆ బెల్టు కూడా వద్దు. నాయన మోకు తాటిచెట్టుకి మంచిదే గానీ వేపచెట్టు మీద నిన్ను కాపాడదు. ఉన్న డబ్బంతా తాడు మీద, కింద నిలబడే మనిషి మీద పెట్టు. నేను నెల్లూరు జిల్లాలో అల్లూరు, ఇందుకూరుపేట వైపు కొబ్బరి దింపుతో మొదలుపెట్టి, కరెంటు లైన్ల కింద కొమ్మలు కొట్టే పనులు చేసి, ఇప్పుడు తాడు మీద ఎక్కే చిన్న జట్టుని నడుపుతున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు మోకు సంగతి. మోకు చెట్టు చుట్టూ, నీ నడుము చుట్టూ తిరుగుతుంది. నువ్వు వెనక్కి వాలితే అది బోదెని పట్టుకుంటుంది. కాళ్లకున్న బంధం కింద నుంచి ఆనిస్తుంది. ఒళ్లు కాస్త ముందుకి తెచ్చి మోకుని పైకి జరుపుతావు, మళ్లీ వాలతావు. అంటే వాలి ఉన్నంత సేపే మోకు పట్టు. కాలు జారి ఒళ్లు చెట్టుకి దగ్గరైతే పట్టు వదిలేస్తుంది, మోకు నీతోపాటే కిందికి జారుతుంది. పని చేసేటప్పుడు మనిషిని నిలబెట్టే సాధనమే గానీ, పడే మనిషిని ఆపే సాధనం కాదది. గీత కార్మికులు తరతరాలుగా దాంతో బతికారంటే అది వాళ్ల ఒంట్లో ఉన్న నేర్పు. 2024లో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకి కాటమయ్య రక్షక కవచం పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది ఈ లోటు పూడ్చడానికే. జారితే చెట్టుని పట్టేసి మనిషిని అక్కడే ఆపాలనేది దాని ఉద్దేశం.

తాడికి, కొబ్బరికి కొమ్మల్లేవు. మోకు మొదలు నుంచి మొవ్వు దాకా అడ్డం లేకుండా పోతుంది. వేప, చింత, రావి, నిద్రగన్నేరు అలా కాదు. మొదటి పంగ రాగానే మోకు విప్పి, కొమ్మ దాటించి, మళ్లీ కట్టుకోవాలి. ఆ విప్పిన క్షణంలో నిన్ను ఏదీ పట్టుకుని లేదు. ఒక పెద్ద చింతచెట్టు మీద అలాంటి పంగలు ఎన్ని దాటాలో లెక్కేసుకో. తాడిచెట్టు బాగా ఎక్కేవాళ్లు చింతచెట్టు మీద నుంచి పడటం మన వైపు నేను చూశాను. ఎక్కడం రాక పడలేదు వాళ్లు. మోకు విప్పి ఉన్నప్పుడు పడ్డారు.

ఇక బిల్డింగు బెల్టు. అది వీపు మీద రింగు, దానికో కట్టు తాడు అంటే లాన్‌యార్డ్, మధ్యలో ఒక కుట్టిన పొట్లం ఉండే రకం. ఆ పొట్లం షాక్ అబ్జార్బర్. మనిషి పడ్డప్పుడు కుట్లు ఒక్కొక్కటిగా తెగి, ఒంటికి తగిలే దెబ్బని 6 కిలోన్యూటన్లకి, అంటే సుమారు 600 కిలోల బరువుకి మించకుండా చూస్తుంది. బాగా ఆలోచించి చేసిన వస్తువే. కానీ లాన్‌యార్డ్ పొడవు, కుట్లు విచ్చుకునే పొడవు, మనిషి ఎత్తు కలిపితే కింద దగ్గర దగ్గర 6 మీటర్లు ఖాళీ ఉండాలి. చెట్టు మీద నీకు ఆరడుగుల కిందే ఇంకో కొమ్మ ఉంటుంది. పొట్లం విచ్చుకునేలోపే దానికి తగులుతావు. పైగా వీపు రింగుకి వేలాడుతూ రంపం పట్టలేవు. వీపు వెనక తాడు కొమ్మలకి చిక్కుకుంటుంది. పడ్డాక ఆపే లెక్క వేరు, అసలు పడకుండా తాడు మీద కూర్చుని పని చేసే లెక్క వేరు. చెట్టు పనికి రెండోది కావాలి.

ఆ రెండో లెక్క ఎలా ఉంటుందంటే, కింద నుంచే ఒక సన్నటి విసురు తాడుకి చిన్న బరువు సంచి కట్టి పై పంగలోకి విసురుతాం. అది అటువైపు దిగాక దాంతో అసలు తాడుని పంగ మీదుగా లాగుతాం. తాడు ఒక కొస నడుముకి, తొడలకి పట్టీలుండే నీ హార్నెస్‌కి కట్టుకుంటావు. పంగ దాటి కిందికి వచ్చిన రెండో పాయ మీద ఒక పట్టు ముడి వేస్తావు. ఆ ముడిని చేత్తో నెడితే జరుగుతుంది, నీ బరువు పడితే బిగుసుకుంటుంది. ప్రూసిక్, బ్లేక్స్ హిచ్ లాంటి ముళ్లు అవే. అలా ఎక్కినంత మేరా తాడు బిర్రుగా నీతోనే ఉంటుంది, ఎప్పుడూ నీకంటే పైన కట్టి ఉంటుంది. కాలు జారితే పడటం ఉండదు, ఉన్నచోటే ఊగుతావు. దిగాలంటే ముడిని మెల్లగా కిందికి లాగితే చాలు. గట్టిగా లాగి జర్రున దిగేవాళ్లుంటారు. వీడియోల్లో బాగుంటుంది. ఆ వేడికి ముడి ఉన్నచోట తాడు గాజులా గట్టిపడి పాడైపోతుంది. మెల్లగా దిగు.

ముడి వేయడం అక్షరాల్లో నేర్చుకునేది కాదు, వచ్చినవాడి పక్కన నిలబడి నేర్చుకో. నేను చెప్పగలిగింది వస్తువు గురించి.

తాడు: 11.5 నుంచి 13 మిల్లీమీటర్ల లావు, లోపల దారాల గుండె, పైన అల్లిక ఉండే రకం. దాని మీద ఈఎన్ 1891 (ఈఎన్ అంటే యూరప్ ప్రమాణం), రకం ఏ అని ఉండాలి, లేదా చెట్లెక్కేవాళ్ల కోసమే చేసినదని రాసి ఉండాలి. 45 మీటర్లు తీసుకుంటే రెండు పాయలుగా వాడినా 20 మీటర్ల ఎత్తు చెట్టుకి సరిపోతుంది. మన ఊళ్లలో చాలా చెట్లకి అది ఎక్కువే. కొండలెక్కేవాళ్ల సాగే తాడు కొనకు, దాని మీద కూర్చుని పని చేస్తే స్ప్రింగులా ఊగుతుంది. బజార్లో దొరికే నీలం, పచ్చ ప్లాస్టిక్ తాడు అసలు వద్దు. పడవలకి, గొడ్లకి, కొమ్మ దించడానికి పనికొస్తుంది. కానీ అది పాలీప్రొపిలీన్. 165 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. మన ఎండలో నాలుగు నెలలు బయట పడి ఉంటే పైన పొడి రాలుతుంది. పట్టు ముడి రాపిడి వేడికి అది ఆగదు. నైలాన్, పాలియెస్టర్ కరగడానికి 220 నుంచి 260 డిగ్రీలు కావాలి. ధర తేడా ఎందుకుందో దీన్ని బట్టి అర్థం చేసుకో.

హార్నెస్: నడుముకి, రెండు తొడలకి పట్టీలుండి ముందు వైపు రింగో వంతెన పట్టీయో ఉండేది. నడుము పక్కల రెండు రింగులుండాలి, లాన్‌యార్డ్‌కి. ఈఎన్ 813, ఈఎన్ 358 అనే రెండు అంకెలు చూసుకో. ఇండియాలో తయారయ్యే ఫుల్ బాడీ హార్నెస్‌ల మీద మన దేశ ప్రమాణం ఐఎస్ 3521 ఉంటుంది. వాటిల్లోనూ ముందు రింగు, పక్క రింగులు ఉన్నవి దొరుకుతాయి. దిగుమతి సరుకు నీ బడ్జెట్‌లో రాదు, అది నిజం. ఆ డబ్బుకి మంచి తాడు, ఇండియన్ హార్నెస్, రెండు మంచి కారబీనర్లు (తాడుని తగిలించే, గేటున్న లోహపు కొక్కేలు), హెల్మెట్ తెచ్చుకోవచ్చేమో చూడు. తొడ పట్టీలు పల్చగా ఉంటే గంటకే కాళ్లు తిమ్మిరెక్కుతాయి. అందుకే కొట్లో వేసుకుని, ఏదైనా దూలానికి వేలాడి చూసి కొను. కొట్టువాడు నవ్వుతాడు, నవ్వనీ.

కారబీనర్ల దగ్గర జనం బాగా మోసపోతారు. తాళంచెవుల కోసం చేసినవి కూడా అచ్చం అలాగే ఉంటాయి. నిజమైనదాని వెన్ను మీద కిలోన్యూటన్ల అంకె, ఈఎన్ 362 లాంటి గుర్తు చెక్కి ఉంటాయి. 20కి తగ్గకూడదు, అంటే దాదాపు 2000 కిలోలు. స్క్రూ తిప్పే రకం కొమ్మకీ తాడుకీ రుద్దుకుని తనంతట తానే విప్పుకుంటుంది. చెట్టు పనికి మూడు కదలికలతో తెరుచుకునే ఆటోలాక్ రకం తీసుకో. మనది సముద్రం గాలి. మైపాడు, కొత్తపట్నం పక్క పని చేసి వచ్చాక వాటిని మంచినీళ్లతో కడగకపోతే ఉప్పు పట్టి గేటు ఇరుక్కుపోతుంది. తాడు కూడా అంతే. మెత్తని సబ్బునీళ్లలో పిండి నీడలో ఆరేసుకో. బండి డిక్కీలో పెట్రోలు డబ్బా పక్కన, బ్యాటరీ పక్కన పెట్టొద్దు. ఎంత బాగున్నా పదేళ్లకి మించి ఏ గుడ్డ వస్తువునీ వాడమని కంపెనీలు చెప్పవు. రోజూ పని చేసే తాడు అంతకాలం ఎటూ ఉండదనుకో.

హెల్మెట్‌కి గడ్డం కింద పట్టీ ఉండాలి. బండి హెల్మెట్ వద్దు, తల పైకెత్తలేవు.

లాన్‌యార్డ్ అంటే నీ మోకుకి చుట్టం. పక్క రింగు నుంచి మాను చుట్టూ తిరిగి రెండో పక్క రింగుకి వచ్చే చిన్న తాడు. పై తాడు నిన్ను మోస్తుంటే ఇది నిన్ను మానుకి ఆనించి కదలకుండా ఉంచుతుంది. రంపం నడిచేటప్పుడు ఈ రెండూ ఉండి తీరాలి. ఒకటి పొరపాటున తెగినా ఇంకోటి ఉండాలని. లోపల ఉక్కు తీగ ఉన్న లాన్‌యార్డ్‌లు వస్తాయి. చేతి రంపానికి అవి బాగా ఆగుతాయి, చైన్ రంపాన్ని మాత్రం కాస్త ఆలస్యం చేస్తాయి అంతే. కరెంటు తీగల దగ్గర ఆ ఉక్కే మన పాలిట ముప్పు. నా జట్టులో కొత్తవాళ్లకి మొదటి ఏడాది చైన్ రంపం పైకి ఇవ్వను. మడతపెట్టే వంకర రంపం మంచిది కొనుక్కో, మణికట్టు లావు కొమ్మ దాకా దాంతో సుఖంగా పోతుంది.

మేకుల బూట్లు నీకు బాగా నచ్చినట్టున్నాయి, అందుకే వాటి గురించి కాస్త గట్టిగా చెబుతాను. అవి కొట్టేయబోయే చెట్టుకి. బతకాల్సిన చెట్టుకి కాదు. వేపకో చింతకో మేకు దిగితే పుండు పడుతుంది, అక్కడ నుంచి కుళ్లు మొదలవచ్చు. కొబ్బరికి, తాటికి ఇంకా ఘోరం. వాటికి బెరడు కింద కొత్త కండ పెరిగే పొర ఉండదు, పడ్డ బొక్క జన్మకి పూడదు. ఎర్రముక్కు పురుగు గుడ్లు పెట్టడానికి ఇలాంటి గాయాలే వెతుక్కుంటుంది. నువ్వు ఒకసారి మేకులతో ఎక్కిన తోటలో ఆరు నెలలకి రెండు చెట్లు మొవ్వు వాల్చేస్తే రైతు నిన్నే తిడతాడు. తిట్టాలి కూడా. పచ్చి మట్టలు కొట్టినా ఆ వాసనకి ఆ పురుగు వస్తుంది. తప్పనిసరైతే మొదలు దగ్గర నాలుగడుగుల మట్ట వదిలి కొట్టు.

కొబ్బరి మిషన్ సంగతి. నిలబడి ఎక్కేది కేరళ నుంచి వచ్చిన చెంబేరి రకం, కూర్చుని ఎక్కేది ఇంకో రకం. రెండూ బాగానే పని చేస్తాయి, మోకాళ్లు ఛాతీ రాసుకుపోవు, మోకు రానివాళ్లకి వరం. నీకు మోకు వచ్చు కాబట్టి తొందర లేదు. వంగిన చెట్టుకి, బాగా లావు మొదలుకి అది ఇబ్బంది పెడుతుంది. మిషన్ మీదున్నా నడుముకి వేరే బెల్టు కట్టుకోవాల్సిందే. మిషన్ ఎక్కిస్తుంది, పట్టుకోదు. కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011 నుంచి కొబ్బరిచెట్టు నేస్తాల పేరుతో మిషన్ మీద ఎక్కడం నేర్పుతోంది, దాంతోపాటు ప్రమాద బీమా కూడా చూస్తుంది. మన జిల్లాలో ఎప్పుడు పెడతారో ఉద్యాన శాఖ ఆఫీసులో అడిగి పేరు రాయించుకో.

ఇప్పుడు అసలు నేర్పు. తాడు 2000 కిలోలు మోసినా దాన్ని వేసిన కొమ్మ మోయాలిగా. పచ్చి కొమ్మ అయి ఉండాలి, మానుకి దగ్గరగా ఉండాలి, తొడ లావు ఉంటే నాకు తృప్తి. తాడు వేశాక ఎక్కేముందు ఇద్దరు మనుషులు కింద నుంచి దానికి ఒకేసారి వేలాడి చూడండి. అప్పుడు విరిగితే విరిగింది, కింద ఉన్నారు. తాడు కొమ్మ మీద అటూ ఇటూ జరిగి బెరడుని కోస్తుంది. తోలు తొడుగో, రెండు రింగుల పట్టీనో మధ్యలో వేసుకుంటే తాడూ నిలుస్తుంది, చెట్టూ నిలుస్తుంది.

చెట్టుని బట్టి లెక్క మారుతుంది. చింతకొమ్మ వంగుతుంది గానీ ఊరికే తెగదు. కానీ ఉదయగిరి వైపు పాత చింతలకి లోపలంతా తొర్ర ఉంటుంది. సుత్తితో కొట్టి చప్పుడు విను. వేప నమ్మకస్తురాలు. నేరేడు పెళుసు, తురాయి ఇంకా పెళుసు, మునగ మీదికి మనిషి ఎక్కకూడదు. నిద్రగన్నేరు కొమ్మలు చాలా దూరం సాగి కొసన బరువుంటాయి. కొస మీదికి పోవాల్సి వస్తే పై తాడు బాగా ఎత్తులో ఉండాలి, లేకపోతే జారినప్పుడు ఊగి మానుకి కొట్టుకుంటావు. ఎండిన చెట్టు చూస్తే పచ్చిదానికంటే తేలిక అనిపిస్తుంది. నేనైతే ఎండినదానికి ముందు క్రేన్ దొరుకుతుందా అని అడుగుతాను. ఇసుక నేలల్లో కొబ్బరిచెట్టు మొదట్లో గోధుమరంగు గట్టి పుట్టగొడుగు కనిపిస్తే అది గానోడెర్మా. మొదలు లోపల కుళ్లి ఉంటుంది, మిషన్ మీదైనా ఎక్కకు. ఉలవపాడు మామిడి తోటల్లో ఎత్తు సమస్య కాదు, సొన సమస్య. కళ్లకి, మొహానికి అడ్డం పెట్టుకో.

ఎక్కేముందు ఫోన్ కెమెరాతో జూమ్ చేసి కొమ్మలన్నీ చూడు, పెద్ద తేనెపట్టు ఉందేమో. తాడు మీదున్నవాడు పరిగెత్తలేడు. తేనెటీగల కదలికలు తెలిసిన యానాదులు ఎవరైనా ఆ ఊళ్లో ఉంటే వాళ్లని పిలిచి, పట్టు తీయించాకే పని పెట్టుకో. వాళ్ల కూలి ఇంటి యజమాని లెక్కలో ముందే వేయి.

కింద మనిషి అన్నాను కదా. ఇక్కడ పీనాసితనం పనికిరాదు. ఎవడో దారిన పోయే కుర్రాడు కాదు, తాడు పట్టడం తెలిసినవాడు. కొమ్మ పడేచోటికి ఎవరినీ రానివ్వకూడదు. నీ తాడు కొస కొమ్మల కుప్పలో చిక్కకుండా చూడాలి. పైన రంపం నడుస్తుంటే కిందికి రాకూడదు. అన్నిటికంటే ముఖ్యం, నీకు తల తిరిగో, చెయ్యి తెగో పైన ఉండిపోతే అతను ఎక్కి నిన్ను దించగలగాలి. హార్నెస్‌లో కదలకుండా వేలాడే మనిషికి రక్తం కాళ్లలోనే ఆగిపోయి కొద్ది నిమిషాల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. 108 వాళ్లు వస్తారు, వచ్చి కింద నిలబడతారు. చెట్టెక్కడం వాళ్ల పని కాదు. కాబట్టి నీ జట్టులో ఎక్కడం వచ్చినవాళ్లు ఇద్దరుండాలి, రెండో తాడు, రెండో హార్నెస్ కింద సిద్ధంగా ఉండాలి. ఒక్కడివే పోయి ఒక్కడివే ఎక్కే పని ఏదీ ఒప్పుకోకు, రెట్టింపు ఇస్తానన్నా.

కరెంటు. 11 కేవీ లైన్ పక్కన కొమ్మ కొట్టేటప్పుడు తీగని తాకనక్కర్లేదు, తడిసిన కొమ్మ తగిలితే చాలు. లైన్‌మన్ ఎల్సీ (లైన్‌లో సప్లై ఆపి పని చేయడానికి అనుమతి) తీసుకుని, స్విచ్ తెరిచి, రెండు వైపులా ఎర్త్ చేశాక, నీ ఎదురుగా నిలబడి ఎక్కు అంటే ఎక్కు. ఫోన్‌లో "తీసేశాం అన్నా, కొట్టుకో" అంటే ఎక్కొద్దు. కరెంటు కంపెనీల లెక్కలో ప్రకాశం ఏపీసీపీడీసీఎల్ కింద, నెల్లూరు ఏపీఎస్పీడీసీఎల్ కింద. రెండు జిల్లాల సరిహద్దులో పని ఉంటే ఆ లైన్ ఏ సబ్‌స్టేషన్ నుంచి వస్తుందో, ఇంకో వైపు నుంచి కూడా ఫీడ్ ఉందో కనుక్కో. సప్లై పోయిందని నమ్మొద్దు. ఎవరింట్లోనో జనరేటర్ తప్పుగా కలిపి ఉంటే వెనక నుంచి తీగలోకి కరెంటు వస్తుంది.

తుఫాను తర్వాత రోజుల్లో ఇవన్నీ కలిసి మీద పడతాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన రెండు జిల్లాల్లోనూ చెట్లు రోడ్ల మీద పడ్డాయి. అలాంటప్పుడు ఫోన్ ఆగదు, అడిగినంత ఇస్తారు. ప్రమాదాలూ అప్పుడే ఎక్కువ. పడిన చెట్టు కదలదని అనుకుంటారు. వేళ్లతో సహా ఒరిగిన చెట్టు మాను కోయగానే వేళ్ల దిమ్మ ఒక్కసారిగా లేచి గుంటలోకి వెనక్కి కూర్చుంటుంది. అటువైపు ఎవరున్నా నలిగిపోతారు. వంగి నొక్కుకుపోయిన కొమ్మ కోసేటప్పుడు అది ఎటు లాగుతోందో ముందు చూసి, నొక్కుడు ఉన్న వైపు కొద్దిగా, తర్వాత సాగిన వైపు కోయాలి. ఈ పని నేలమీదే గదా అని హెల్మెట్ తీసేస్తారు. తీయొద్దు.

కోత గురించి రెండు మాటలు, ఎందుకంటే చెట్టు కొట్టేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు, చెట్టుని బతికించేలా కోసేవాళ్లు అరుదు. నీకు ధర వచ్చేది అక్కడే. పెద్ద కొమ్మకి మూడు కోతలు: మానుకి అడుగు దూరంలో కింద నుంచి ఒకటి, దానికి కాస్త అవతల పైన నుంచి ఒకటి, బరువు పడిపోయాక మిగిలిన మోడుకి ఆఖరి కోత. ఆఖరిది మానుకి అంటించి కోయకు. కొమ్మ పుట్టేచోట ఉబ్బెత్తు మెడ ఉంటుంది, దాని బయట కోయి. ఆ మెడే గాయాన్ని మూసేది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షిగో వేల చెట్లు నిలువునా కోసి చూసి చెప్పిన సంగతి ఇది. తారు, పెయింటు పూస్తే కుళ్లు ఆగదని కూడా ఆయనే చూపించాడు. యజమాని పూయమంటే వివరంగా చెప్పు, వినకపోతే పూసి రా, గొడవెందుకు. కొబ్బరి బోదె నుంచి ఎర్రటి రసం కారే తెగులుకి బోర్డో పేస్టు రాయడం వేరే విషయం, దీంతో కలపకు. చెట్టు తల మొత్తం కొట్టి మోడు చేయమని అడుగుతారు. చిగుళ్లు గుబురుగా వస్తాయి గానీ పట్టు లేని కొమ్మలవి, నాలుగేళ్లకి గాలికి అవే విరుగుతాయి.

బతుకు గడుస్తుందా అంటే, గడుస్తుంది, నెలనెలా ఒకేలా కాదు. ఫిబ్రవరి నుంచి చింతకాయ, ఎండాకాలం ముంజలు, కొబ్బరి ఏడాదంతా. ఏప్రిల్, మే నెలల్లో వానల ముందు లైన్ల కింద కొమ్మల పని. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల గాలులు. మధ్యలో ఖాళీ. రోహిణి కార్తెలో పొద్దున ఐదున్నరకి ఎక్కి పదికి దిగిపోవాలి. ఎండ దెబ్బతో చేతులు వణికితే ముడి మీద లెక్క తప్పుతుంది. ఆ రోజుల్లో ఉప్పు నీళ్లు తాగకుండా నా జట్టులో ఎవరినీ ఎక్కనివ్వను.

ధర మాట్లాడేటప్పుడు "కట్టె నువ్వే తీసుకో, కూలి వద్దు" అంటారు. అడితివాళ్లకి అది లాభం, నీకు కాదు. కట్టె మోయడం, ఆటో, అమ్మడం అన్నీ నెత్తిన పడతాయి. కూలి కూలిగా మాట్లాడు, కట్టె సంగతి విడిగా. చెట్టు మొత్తం కొట్టమంటే నీళ్లని, నేలని, చెట్లని కాపాడే వాల్టా చట్టం కింద అనుమతి కాగితం వాళ్లనే తెమ్మను. రోడ్డు పక్క చెట్టయితే అది ఎవరిదో కాగితం మీద చూశాకే రంపం తీయి. పొరుగింటి మీద కొమ్మ పడితే నష్టం ఎవరు భరిస్తారో ముందే చెప్పి ఒప్పించుకో.

బీమా ఇవాళే చేయించు. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్లవాళ్లకి. ప్రమాదంలో పోతే, లేదా రెండు కళ్లో రెండు కాళ్లో పోతే 2 లక్షలు. బ్యాంకు ఖాతా నుంచి తీసుకుంటారు, జూన్ 1 నుంచి మే 31 దాకా లెక్క. నీకొక్కడికే కాదు, కింద మనిషికి కూడా. అది చాలదు, కానీ చాలామందికి అది కూడా లేదు. ఈ-శ్రమ్‌లో (అసంఘటిత కార్మికుల కేంద్ర జాబితా) పేరు లేకపోతే కామన్ సర్వీస్ సెంటర్లో అడుగు.

ప్లాంటు పని ఇప్పుడే మానకు. ఆదివారాలు ఎవరైనా తాడు జట్టుతో కింద మనిషిగా పోతూ ఉండు. ఎక్కడం కంటే కింద నిలబడే నేర్చుకునేది ఎక్కువ. తాడు, హార్నెస్ వచ్చాక మీ ఇంటి దగ్గర గట్టి వేపచెట్టు చూసుకుని, కాళ్లు నేలకి మూడడుగుల ఎత్తు దాటకుండా, ముడి వేయడం, బరువు వేయడం, దిగడం ఒంటికి అలవాటయ్యేదాకా చేయి. మోకు మీద కాళ్లు బోదెకి తన్ని నెట్టడం నీకు అలవాటు. తాడు మీద ఆ అలవాటే నిన్ను తలకిందులు చేస్తుంది, కొన్నాళ్లు చిరాకుగా ఉంటుంది. నాయన మోకు తాటిచెట్లకి ఉంచుకో, దానికి తోడు బోదె చుట్టూ ఇంకో పట్టు తాడు వేసుకో.

హార్నెస్ సైజు తెలియకపోతే నడుము కొలత, తొడ కొలత, బరువు రాసి పెట్టు. ఏ రకం నీకు పడుతుందో చెబుతాను.